నియమమే స్వేచ్ఛ: ఇమాన్యుయేల్ కాంట్ జీవితం

నియమమనగానే మనకు సంకెల స్ఫురిస్తుంది. పరీక్షల నియమాలు, వసతిగృహపు నియమాలు విద్యార్థులకు భారంగా తోచడంలో వింత లేదు. అయితే నియమంలోనే స్వేచ్ఛను దర్శించిన ఒక మహామేధావి జీవితాన్ని ఇచ్చట స్మరించదలచాము.

ఇమాన్యుయేల్ కాంట్ 1724 ఏప్రిల్ 22న తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో జన్మించాడు. నేటి రష్యాలోని కలీనిన్‌గ్రాడ్ ఆ నగరమే. తండ్రి గుర్రాలకు తోలుసామగ్రి చేసి జీవించే సామాన్యుడు. బాల్యంలో చదివిన పాఠశాలలో మతశిక్షణ అతికఠినం. ఆ రోజులను ఆయన ఏనాడూ సంతోషంతో తలచుకోలేదు. పైనుండి రుద్దిన నియమం ఎంత బరువో అక్కడే ఎరిగాడు.

అట్టివాడు తనకు తానే కఠిన నియమాలు విధించుకున్నాడు. 1770లో ఆచార్య పదవి లభించిన పిదప ఆయన దినచర్య మరింత క్రమబద్ధమైంది. ఉదయం ఐదింటికే మేల్కొనేవాడు. ఆయన నడకకు బయలుదేరగానే ఇరుగుపొరుగువారు గడియారాలు సరిచేసుకునేవారట! రూసో రచించిన ‘ఎమీల్’ చదువుతూ మైమరచి ఒకమారు ఆ నడకను కూడా మరచాడని ప్రతీతి.

1785లో ప్రకటించిన నీతిగ్రంథంలో ఆయన చెప్పినది సంగ్రహంగా ఇది: మన పనికి ఆధారమైన సూత్రం సర్వులకూ శాసనం కాదగినదై ఉండాలి. తీర్చలేనని తెలిసి కూడా తీరుస్తానని మాట ఇచ్చి అప్పు తెచ్చేవాడిని ఉదాహరించాడు. అందరూ అట్లే చేస్తే మాటను నమ్మేవాడే ఉండడు. ఈ శాసనాన్ని విధించేది రాజు కాదు, మన వివేకమే. కనుక దానికి లోబడడం దాస్యం కాదు, స్వాతంత్ర్యం.

ఈ సిద్ధాంతం ఆయననూ పరీక్షించింది. మతవిషయకమైన రచనలకు ఆగ్రహించి 1794లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ విలియం ఆయనను మందలించాడు. రాజవిధేయుడైన ప్రజగా ఆ విషయమై ఇక వ్రాయనని కాంట్ మాట ఇచ్చాడు. రాజు జీవించినంతకాలం నిలుపుకున్నాడు. 1797లో రాజు మరణించగా, తన మాట ఆయనతోనే ముగిసిందని 1798లో ప్రకటించి మరల కలం పట్టాడు. అబద్ధమాడరాదు గాని, ఎరిగిన సత్యమంతా వెల్లడించనవసరం లేదని ఆయన భావన.

1797లోనే, హంతకుడు వచ్చి మన ఇంట దాగిన మిత్రుని జాడ అడిగినా అబద్ధమాడరాదని వాదించాడు. ఇచ్చట మేము ఆయనను అనుసరించలేము. ప్రాణాపాయవేళ బొంకు దోషం కాదని శుక్రాచార్యుడు బలికి చెప్పిన ఘట్టం పోతన భాగవతంలో మనకు పరిచితమే. సాదీ ‘గులిస్తాన్’ తొలి కథలో ఖైదీ ప్రాణం కాపాడిన మంత్రి అసత్యమే రాజుకు మేలనిపించింది. అయితే బలి ఆ మినహాయింపును స్వీకరించక ఆడిన మాటకే కట్టుబడ్డాడు. మినహాయింపు పరుల ప్రాణం కొరకా, స్వలాభం కొరకా అన్నదే అసలు ప్రశ్న అని మాకు తోస్తుంది. స్వలాభానికి మినహాయింపు కోరేవారికి కాంట్ కాఠిన్యం నేటికీ తగిన సమాధానం.

1804 ఫిబ్రవరి 12న కాంట్ కన్నుమూశాడు. పర్యవేక్షకుడు లేని గదిలోనూ నిజాయితీగా పరీక్ష వ్రాసే విద్యార్థి ఆయన పేరు వినకున్నా ఆయన శిష్యుడే.