చూసింది చూసినట్టే రాసిన మనిషి: అబ్దుర్ రహ్మాన్ అల్ సూఫీ

ప్రపంచంలో మొట్టమొదట గెలాక్సీని కనిపెట్టింది ఒక ముస్లిం శాస్త్రవేత్త అని చెప్పే మెసేజ్ మన ఫోన్లలో తరచూ తిరుగుతూ ఉంటుంది. కింద తలపాగా పెట్టుకున్న ఒక పెద్దమనిషి బొమ్మ, ఆ పక్కన రంగురంగుల ఆకాశం. మాషా అల్లాహ్ అనుకుని నలుగురికి పంపేసి ఊరుకుంటాం.

ఆ మెసేజ్‌లో ఉన్నది సగం నిజమే. మిగతా సగం కూడా తెలిస్తే ఆ మనిషి మీద గౌరవం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఆయన పేరు అబుల్ హుసైన్ అబ్దుర్ రహ్మాన్ ఇబ్న్ ఉమర్ అల్ సూఫీ. మనకు పదకొండు వందల ఏళ్ల ముందువాడు.

రయ్‌లో పుట్టి షీరాజ్ దర్బారుకు

అల్ సూఫీ పుట్టింది క్రీ.శ. 903 డిసెంబరు 7న, రయ్ నగరంలో. నేటి ఇరాన్ రాజధాని టెహ్రాన్ పక్కనే ఉన్న పాత ఊరు అది. బగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల పేరు నడుస్తున్నా, అధికారం మెల్లగా చేతులు మారుతున్న కాలం. ఇరాన్ ప్రాంతంలో బువైహీ వంశం వాళ్లు బలపడ్డారు. 945లో బగ్దాద్ కూడా వాళ్ల చేతికే వచ్చింది.

ఆ వంశంలో అందరికంటే పేరున్న పాలకుడు అజుదుద్దౌలా. 949లో పదమూడేళ్ల వయసుకే ఫార్స్ ప్రాంతానికి అమీర్ అయ్యాడు, షీరాజ్ ఆయన రాజధాని. అల్ సూఫీ ఆయన కంటే ముప్పై ఏళ్లకు పైగా పెద్ద. ఆ దర్బారులో చేరి అమీర్‌కు నక్షత్రాల విద్య నేర్పించారు. తర్వాతి రోజుల్లో ఎంత పెద్ద పాలకుడైనా, తన ఉస్తాదుల గురించి చెప్పుకునేటప్పుడు అజుదుద్దౌలా నక్షత్రాల విషయంలో అల్ సూఫీ పేరునే గర్వంగా చెప్పుకునేవాడట.

దర్బారు పని అంటే ఏదో కుర్చీలో కూర్చోవడం కాదు. షీరాజ్‌లో పెద్ద లోహపు వలయం నిలబెట్టి, సూర్యుడు ఏ రోజు ఎంత ఎత్తున ఉన్నాడో కొలిచారు. అస్తర్లాబ్ వాడకం మీద కితాబ్ రాశారు. నమాజు వేళలు, ఖిబ్లా దిక్కు తెలుసుకోవడానికి ఆ రోజుల్లో అస్తర్లాబ్ చాలా ముఖ్యమైన పరికరం. అమీర్ కోసం వెండితో ఒక ఆకాశ గోళం కూడా తయారు చేశారు. వాళ్లిద్దరూ పోయిన చాలా కాలానికి ఆ గోళం కైరోలోని ఫాతిమీ ఖలీఫాల గ్రంథాలయంలో కనిపించింది. దాని తూకం 3,000 దిర్హమ్‌లు, కొన్న ధర 3,000 దీనార్లు అని చూసినవాళ్లు రాసిపెట్టారు. దిర్హమ్ వెండి నాణెం, దీనార్ బంగారు నాణెం. కామర్స్ చదివినవాడిగా నాకు మొదట ఈ లెక్కే కళ్లకు కట్టింది. అందులోని వెండి ఖరీదు ఆ ధరలో చిన్న భాగమే. మిగిలినదంతా ఆ చేతి పనికి, ఆ ఇల్మ్‌కు కట్టిన విలువ.

పుస్తకంలో ఉందని నమ్మేవాళ్లు

ఆ కాలంలో నక్షత్రాల గురించి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ఒక రకం గ్రీకు పండితుడు టాలమీ దారిలో వెళ్లేవాళ్లు. అల్ సూఫీకి ఎనిమిది వందల ఏళ్ల ముందు టాలమీ 48 నక్షత్ర మండలాలుగా వెయ్యికి పైగా చుక్కల జాబితా రాశాడు. దాన్ని చూసి గోళాలు తయారు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, తల పైకెత్తి సరిచూసుకున్నవాళ్లు తక్కువ. రెండో రకం ఎడారి అరబ్బుల సంప్రదాయం చదివినవాళ్లు. ఒంటెల దారిలో, వాన రాకడ చెప్పడంలో వాడిన నక్షత్రాల పేర్లు వాళ్లకు కంఠతా వచ్చు. అయితే ఆ పేరు ఏ చుక్కదో చూపించమంటే తడబడేవాళ్లు.

అల్ సూఫీ తన గ్రంథం ముందుమాటలో ఈ రెండు రకాలవాళ్లనూ తప్పుపట్టారు. రెండు విద్యలనూ కలిపి, ప్రతి చుక్కనూ కంటితో చూసి పోల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలతో వచ్చిందే సువరుల్ కవాకిబ్ అనే గ్రంథం. నక్షత్రాల రూపాలు అని అర్థం. అది పూర్తయ్యింది 964 ప్రాంతంలో. అప్పటికి ఆయన వయసు 60 ఏళ్లు. టెలిస్కోప్ రావడానికి ఇంకా ఆరు వందల ఏళ్లకు పైగా ఉంది. ఉన్నవల్లా రెండు కళ్లు, కొన్ని కొలత పరికరాలు, చీకటి రాత్రులు.

గ్రంథంలో ప్రతి నక్షత్ర మండలానికి రెండు బొమ్మలు వేశారు. ఒకటి నేల మీద నిలబడి చూస్తే కనిపించేది. రెండోది గోళం మీద కనిపించేది. గోళాన్ని బయటి నుంచి చూస్తాం కాబట్టి అద్దంలో ముఖంలాగా కుడి ఎడమలు మారిపోతాయి. చదివేవాడు తికమక పడకూడదని రెండూ ఇచ్చారు. బొమ్మల తర్వాత పట్టిక. ఏ చుక్క ఎక్కడుంది, ఎంత ప్రకాశంగా ఉంది, అరబ్బులు దాన్ని ఏమంటారు, టాలమీ ఎక్కడ పొరబడ్డాడు, అన్నీ వరసగా ఉంటాయి.

చేప నోటి దగ్గర మబ్బు తునక

ఇప్పుడు మెసేజ్‌లోని గెలాక్సీ సంగతికి వద్దాం. ఆండ్రోమెడా నక్షత్ర మండలాన్ని గ్రీకులు ఒక స్త్రీ రూపంగా ఊహించారు. అరబ్బులు అదే చోట చేపను చూశారు. అల్ సూఫీ ఆ రెండు రూపాలనూ కలిపి బొమ్మ వేశారు. చేప నోటి దగ్గర కొన్ని చుక్కలు పెట్టి, అక్కడ మబ్బు మచ్చలాంటిది ఒకటి ఉందని రాశారు.

అంతే. అది ఏమిటో చెప్పలేదు. గెలాక్సీ అనలేదు. అనడానికి ఆ మాటకు నేటి అర్థమే అప్పటికి పుట్టలేదు. బహుశా ఆ మచ్చ ఆయన కంటే ముందువాళ్లకూ తెలిసే ఉంటుంది. అయితే దాన్ని కాగితం మీద పెట్టినవాళ్లలో, మన దాకా రాత మిగిలినవాళ్లలో ఆయనే మొదటివారు. టాలమీ జాబితాలో అది లేదు. పెద్దాయన రాయలేదు కదా, మనకెందుకులే అని అల్ సూఫీ వదిలేయలేదు. తెలియని దానికి కథ కూడా కట్టలేదు.

1888 డిసెంబరు 29న లివర్‌పూల్ దగ్గర ఐజాక్ రాబర్ట్స్ అనే భవన నిర్మాణాల కాంట్రాక్టర్ తన ఇంటి దగ్గర పెట్టుకున్న టెలిస్కోప్‌తో అదే మచ్చను ఫొటో తీశాడు. సుడి తిరిగిన రూపం ప్లేటు మీద కనిపించింది. పుడుతున్న సౌర కుటుంబమేమో అనుకున్నాడు. అది మన పాలపుంత బయట ఉన్న మరో గెలాక్సీ అని 1920లలో ఎడ్విన్ హబుల్ తేల్చాడు. దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. కాంట్రాక్టర్ ఊహ తప్పింది కానీ ఫొటో తప్పలేదు. అల్ సూఫీ వేసిన చుక్కలూ అంతే.

మిరాక్ వెలుగులో దాక్కున్నది

ఆ మచ్చ దగ్గరికి దారి చూపించే ప్రకాశవంతమైన నక్షత్రం పేరు మిరాక్. అరబీలో మిజర్, అంటే నడుముకు కట్టే వస్త్రం. లాటిన్‌లో రాసుకునేటప్పుడు అక్షరాలు చెడి మిరాక్ అయ్యింది. ఇహ్రాంలో మనం కట్టుకునే ఇజార్ కూడా ఈ మాటకు చుట్టమే. డిసెంబరులో ఇషా నమాజు అయ్యాక మేడ మీదికి వెళ్లి, నడినెత్తికి కాస్త ఉత్తరంగా చూస్తే మిరాక్ కనిపిస్తుంది. అక్కడి నుంచి ఉత్తరంగా రెండు మసక చుక్కలు దాటితే అల్ సూఫీ చూసిన మచ్చ. ఊరి లైట్ల మధ్య కష్టం. పల్లెలో, చందమామ లేని రాత్రి మామూలు కళ్లకే దొరుకుతుంది.

మిరాక్ పక్కనే ఇంకో గెలాక్సీ ఉంది. నిండు చందమామ వెడల్పులో పావు వంతు దూరంలోనే. పేరు ఎన్‌జీసీ 404. మిరాక్ మనకు సుమారు 200 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, ఇది సుమారు కోటి కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నక్షత్రం వెలుగు ముందు ఇది వేల రెట్లు మసక. అందుకే అల్ సూఫీ కంటికి అందలేదు. 1784లో విలియం హెర్షెల్ టెలిస్కోప్‌కు దొరికింది. సరదాగా దీన్ని మిరాక్ దయ్యం అంటారు.

ఇప్పుడు ఇంటి పెరట్లో చిన్న టెలిస్కోప్, కెమెరా పెట్టుకుని దీన్ని ఫొటో తీసేవాళ్లున్నారు. పోయిన చలికాలం ఒక స్నేహితుడి టెలిస్కోప్‌తో నేనూ ప్రయత్నించాను. ఎక్స్‌పోజర్ పెంచితే మిరాక్ వెలుగు పొంగి పక్కనున్నదాన్ని మింగేసింది. తగ్గిస్తే గెలాక్సీయే లేదు. ఇలాంటప్పుడు తక్కువ సమయం ఫ్రేములు వందల్లో తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. అద్దం టెలిస్కోప్‌లో నక్షత్రం చుట్టూ గీతల్లా వెలుగు వస్తుంది కాబట్టి, ఆ గీత గెలాక్సీ మీద పడకుండా గొట్టాన్ని తిప్పుకుంటారు. చివరికి ఒక మసక మచ్చ వచ్చింది. నిజమా, అద్దాల్లో పడ్డ ప్రతిబింబమా? తేల్చే పద్ధతి సులువే. మిరాక్‌ను ఫ్రేములో కొంచెం పక్కకు జరిపి మళ్లీ తీయాలి. మచ్చ చుక్కలతో పాటు కదిలితే గెలాక్సీ. వేరేగా కదిలితే ఉత్త మెరుపు. నా మొదటి మచ్చ మెరుపే అని తేలింది. ఆ ఫొటో అప్పటికే ఇంట్లో అందరికీ చూపించేశాను. మళ్లీ వెళ్లి కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. అల్ సూఫీ విలువ ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

పొరపాట్లూ ఉన్నాయి

అల్ సూఫీ అన్నీ కొత్తగా కొలిచారని చెప్తే అది అబద్ధమవుతుంది. నక్షత్రాల స్థానాలను చాలావరకు టాలమీ నుంచే తీసుకున్నారు. ఆకాశం మెల్లగా జరుగుతుందని తెలుసు కాబట్టి అందరికీ ఒకే లెక్కన 12 డిగ్రీల 42 నిమిషాలు కలిపారు. 66 ఏళ్లకు ఒక డిగ్రీ అన్నది ఆయన వాడిన లెక్క. నేటి లెక్కలో దాదాపు 72 ఏళ్లు. టాలమీ చెప్పిన 100 ఏళ్ల కంటే ఇది నిజానికి చాలా దగ్గర. కానీ చుక్కల ప్రకాశం విషయంలో ఎవరినీ నమ్మలేదు, సొంత కంటితోనే మళ్లీ అంచనా కట్టారు. అందుకే ఆ అంకెలు వందల ఏళ్ల తర్వాత కూడా ఖగోళ శాస్త్రవేత్తలకు పనికొచ్చాయి.

986 మే 25న, 82 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. గ్రంథం మాత్రం ప్రయాణం ఆపలేదు. పదమూడో శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ దాన్ని ఫార్సీలోకి తెచ్చారు. సమర్‌ఖంద్‌లో ఉలుగ్ బేగ్ 1437 నాటి తన జాబితాలో, అక్కడి నుంచి కనబడని 27 దక్షిణపు నక్షత్రాల వివరాలను అల్ సూఫీ నుంచే తీసుకున్నాడు. 1874లో ఫ్రెంచి అనువాదం వచ్చింది. చంద్రుడి మీద ఒక గుంటకు అజోఫీ అని ఆయన పేరే పెట్టారు.

మన ఊరి అచ్చు

ఇందులో హైదరాబాద్‌కూ ఒక వాటా ఉంది. ఆ గ్రంథం అరబీ మూలాన్ని 1954లో అచ్చు వేసింది మన దాయిరతుల్ మఆరిఫ్. లివర్‌పూల్ కాంట్రాక్టర్ ఫొటో తీసిన 1888లోనే మొదలైన సంస్థ అది. ప్రపంచంలో ఎక్కడెక్కడో అల్ సూఫీ మీద పరిశోధన చేసినవాళ్లు హైదరాబాద్ ప్రతిని ముందు పెట్టుకుని చదివారు. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

కాబట్టి ఈసారి ఆ మెసేజ్ వస్తే పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పండి. ఆయన గెలాక్సీని కనిపెట్టలేదు. అందరూ చూసి వదిలేసిన మచ్చను వదిలేయకుండా రాశారు. తెలిసినంతే రాశారు, తెలియనిది కలపలేదు. ఆ మాట చెప్పాక ఫోను కింద పెట్టి, పిల్లల్ని ఒకసారి మేడ మీదికి తీసుకెళ్లండి. మిరాక్ ఇంకా అక్కడే ఉంది.