నల్లబడిన ఫొటోలు నేర్పిన పాఠం

వరసగా నాలుగు ఇంటర్వ్యూలు. నాలుగూ పోయాయి. ఐదోదానికి వెళ్లేముందు మీరేం చేస్తారు? చాలామంది ఇంకో రెండు పుస్తకాలు కొంటారు, లేదంటే ఇంకో కోచింగ్‌లో చేరతారు. తప్పేం లేదు. కానీ ఆ నాలుగు ఇంటర్వ్యూల్లోనూ మారకుండా ఉండిపోయింది ఏమిటో ఒక్కసారైనా చూసుకున్నారా? దీని విలువ తెలియాలంటే, బెలూన్ ఎక్కి ప్రపంచంలోనే తొలి ఆకాశ ఛాయాచిత్రం తీసిన మనిషి కథ వినాలి. ఆయన పేరు నదార్.

చదువు ఆగింది.. పని ఆగలేదు

అసలు పేరు గాస్పార్ ఫెలిక్స్ తుర్నషాన్. 1820లో ప్యారిస్‌లో పుట్టారు. తండ్రి పుస్తకాల ప్రచురణకర్త. వ్యాపారం దెబ్బతింది. ఫెలిక్స్‌కు ఇరవై ఏళ్లయినా రాకముందే తండ్రి పోయారు. లియోన్‌లో మొదలుపెట్టిన వైద్యవిద్య మధ్యలోనే ఆగిపోయింది. చేతిలో డిగ్రీ లేదు, ఇంటికి డబ్బు కావాలి. చిన్న చిన్న పత్రికలకు రాయడం మొదలుపెట్టారు. తర్వాత కార్టూన్లు గీశారు. మాటల చివర సరదాగా ‘దార్’ తగిలించే అలవాటు స్నేహితుల మధ్య ఉండేది. అలా తుర్నషాన్ కాస్తా ‘తుర్నదార్’ అయ్యారు, చివరికి ‘నదార్’గా మిగిలారు.

నాటి ఫ్రెంచి రచయితలను వందల సంఖ్యలో ఒకే పెద్ద కాగితం మీద కార్టూన్లుగా గీసి 1854లో విడుదల చేశారు. పేరొచ్చింది. అన్ని ముఖాలు గుర్తుపెట్టుకుని గీయడం కష్టం కదా! ఫొటో ఉంటే పని సులువవుతుంది. తమ్ముణ్ని ఫొటోగ్రఫీ నేర్చుకోవడానికి పంపిన నదార్, త్వరలోనే తనూ ఆ విద్య పట్టుకున్నారు. కొద్దికాలానికే ఆయన స్టూడియో ప్యారిస్‌లో పెద్దపెద్దవాళ్లు వచ్చే చోటయింది. గమనించండి, ఆయన్ను నిలబెట్టిన నైపుణ్యం చదివిన కోర్సులోంచి రాలేదు, చేస్తున్న పనికి అవసరమై వచ్చింది.

గాల్లో చీకటి గది

బాగా నడుస్తున్న స్టూడియో ఉంది. అక్కడితో ఆగొచ్చు. కానీ బెలూన్ ఎక్కి నేలను ఫొటో తీస్తే పటాలు గీయడం, భూమి కొలవడం ఎంతో తేలికవుతుందని ఆయనకు తోచింది. 1858లో పేటెంట్ కూడా తీసుకున్నారు. చిక్కల్లా ఫొటో తీసి చూపించడంలోనే వచ్చింది.

అప్పట్లో ఫిల్మ్ లేదు. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణం కలిపిన ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. అందుకే బెలూన్ బుట్టలోనే చీకటి గుడారం అమర్చుకున్నారు. తాళ్లతో నేలకు కట్టిన బెలూన్‌లో పైకి వెళ్లడం, ఫొటో తీయడం, కిందికి రావడం. చూస్తే పలక నల్లగా మాడినట్టు ఉండేది. ద్రావణాలు మార్చారు, మళ్లీ కలిపారు. మళ్లీ నలుపే. ఎన్నిసార్లు ఎక్కినా అంతే. ఎక్కిన ప్రతిసారీ ఖర్చు తన జేబులోంచే.

ఒకరోజు పొద్దుగూకినా ఫలితం లేకపోవడంతో, ప్యారిస్ శివార్లలోని పెటీ బిసెత్ర్ అనే చిన్న ఊళ్లో బెలూన్‌ను రాత్రంతా అలాగే కట్టి ఉంచారు. తెల్లారేసరికి చలికి బెలూన్ ముడుచుకుపోయింది. మనిషిని మోసేంత బలం లేదు. ఉన్న కాస్త వాయువూ పోకుండా బెలూన్ కింది మూతిని మూసేశారు. బరువు తగ్గించడానికి బుట్ట తీసేశారు. ఒంటి మీది బట్టలు కూడా చాలావరకు విడిచేశారు. ఎలాగో 80 మీటర్లు లేచి ఒక్క ఫొటో తీశారు. కడిగి చూస్తే మసకగానైనా ఊరి ఇళ్లు కనిపించాయి!

ఆ పొద్దున మారింది మూతి ఒక్కటే. ఆనాటి బెలూన్‌లో నింపేది వేడిగాలి కాదు, వీధి దీపాలకు వాడే బొగ్గు వాయువు. అందులో గంధకపు ఆవిరి ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ వాయువు వ్యాకోచించి తెరిచిన మూతిలోంచి కిందికి, సరిగ్గా చీకటి గుడారం మీదికి దిగేది. వెండితో కలిసి పలకను నల్లగా మార్చేది. ఇన్నాళ్లూ ఆయన మార్చింది ద్రావణాలను. తప్పు ఉన్నది నెత్తి మీద.

అన్నీ గెలుపులే కావు

ఆ తర్వాత నదార్ ఓడిపోలేదనుకుంటే పొరపాటు. గాలి ఎటు తోస్తే అటు పోయే బెలూన్ కన్నా, గాలికంటే బరువైన యంత్రమే రేపటి విమానమని ఆయన నమ్మారు. దాని పరిశోధనకు డబ్బు కూడబెట్టాలని 1863లో రెండంతస్తుల గదితో ‘లె జెయాన్’ అనే మహా బెలూన్ కట్టించారు. రెండో ప్రయాణంలోనే అది జర్మనీలోని హనోవర్ దగ్గర నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. ఆయనకూ, భార్యకూ గాయాలయ్యాయి. డబ్బు రాకపోగా చేతిలోది పోయింది.

కానీ నేర్చుకున్న విద్య వృథా పోలేదు. 1870లో ప్రష్యా సైన్యం ప్యారిస్‌ను చుట్టుముట్టినప్పుడు, నగరంలో చిక్కుకున్న జనం ఉత్తరాలు బయటికి చేర్చే బెలూన్ టపా ఏర్పాటులో ఆయనదే ముందు చేయి. ఆ సెప్టెంబర్ 23న మొదటి బెలూన్ శత్రువుల తలల మీదుగా ఎగిరిపోయింది. జూల్స్ వెర్న్ తన చంద్రయాత్ర నవలలో నదార్ పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి ‘ఆర్దాన్’ అనే సాహసిని సృష్టించారు. 1909లో బ్లెరియో విమానంలో ఇంగ్లిష్ ఛానల్ దాటారు. తను నమ్మిన మాట నిజమైందని చూశాకే, 1910 మార్చిలో, 89 ఏళ్ల వయసులో నదార్ కన్నుమూశారు.

ఇప్పుడు మీ వంతు

ఒక కాగితం తీసుకోండి. పోయిన ఇంటర్వ్యూలూ పరీక్షలూ వరసగా రాయండి. ఒక్కోదానికీ ఎదురుగా ఈసారి మార్చినవి ఒక వరసలో, మార్చనివి ఇంకో వరసలో పెట్టండి. మార్చినవి చాలా ఉంటాయి: పుస్తకం, కోచింగ్, చొక్కా. మార్చనిది ఒకటో రెండో ఉంటాయి. పరిచయం అడగ్గానే అప్పజెప్పే అదే పాత పాఠం కావచ్చు. మీకు సరిపడని ఉద్యోగాలకే దరఖాస్తు పెడుతూ ఉండొచ్చు. ఈసారి దాన్ని మార్చి చూడండి. తొలి ఫొటో మసకగానే వస్తుంది. ఫర్వాలేదు, ఇల్లు కనిపిస్తే చాలు.