పంచములం కామన్న మాదరి భాగ్యరెడ్డి వర్మ

చార్మినార్ వైపు నుంచి వచ్చి చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటితే కోఠీ పక్కన ఇసామియా బజార్ వస్తుంది. 1910లో అక్కడ అంటరాని పిల్లల కోసం ఒక బడి మొదలైంది. మూసీ వరద వచ్చి అప్పటికి రెండేళ్లే. బడి పెట్టిన మనిషికి ఇరవై రెండేళ్లు. అదీ తెలుగు బడి. నిజాం రాజ్యంలో కచేరీల భాష ఉర్దూ, నౌకరీ దొరకాలంటే ఉర్దూ రావాలి. అయినా ఆయన ఇంట్లో మాట్లాడే భాషలోనే అక్షరాలు దిద్దించాడు. వాడకు బడి కొత్త, బడికి వాడ కొత్త. మధ్యలో భాష కూడా కొత్తదైతే పిల్ల రెండో రోజు రాదు. ఆ నిర్ణయాన్ని మనం ఇలాగే అర్థం చేసుకుంటున్నాం.

ఆయనే మాదరి భాగ్యరెడ్డి వర్మ. జయంతికి, వర్ధంతికి దండలు వేస్తాం, ఆయన పెట్టిన సంఘాల పేర్లు వరసగా చదువుతాం. ఆ నిర్ణయాలు ఎందుకు తీసుకున్నాడన్నది మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం. ఒక మనిషి చిన్నప్పుడు నమ్మిన ఒక్క మాట యాభై ఏళ్ల జీవితాన్ని ఎటు నడిపిందో, ఎక్కడ అడ్డం తిరిగిందో చూడాలంటే ఈయన జీవితం చూడాలి.

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. పెట్టిన పేరు భాగయ్య. ఆ ఇంటికి వచ్చిపోయే గురువు ఆ పేరును భాగ్యరెడ్డి చేశాడు. రెడ్డి అంటే రేడు, ఏలినవాడు అని, ఈ నేలను మొదట ఏలింది మనవాళ్లేనని, తర్వాత వచ్చినవాళ్లు కిందికి తోశారని ఆ గురువు నమ్మకం. పిల్లవాడికి అది పేరుతో పాటే అంటుకుంది. నువ్వు తక్కువవాడివి అని ఊరంతా చెప్పే చోట, నీది పోయింది, తిరిగి తెచ్చుకో అని ఒక్కరు చెబితే తేడా ఎంత ఉంటుందో మన వాడల్లో పెరిగినవాళ్లకు వివరించక్కర్లేదు. మొదటి మాట విన్నవాడు దయ అడుగుతాడు. రెండోది విన్నవాడు లెక్క అడుగుతాడు.

పేదరికం వల్ల చిన్న వయసులోనే సికింద్రాబాద్‌లో డోస్ శాంటోస్ అనే బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరాడు. చదువు రుచి అక్కడ తెలిసింది. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. భజనలు, హరికథలు చెప్పించి జనాన్ని ఒకచోట చేర్చి, తాగుడు మీద, బాల్యవివాహాల మీద, ఆడపిల్లలను జోగినులుగా వదిలే ఆచారం మీద మాట్లాడేవారు. 1911లో ఆ మండలి మాన్య సంఘం అయింది. మాన్యులు అంటే గౌరవించదగినవాళ్లు. పేరు విషయంలో ఈ మనిషికి ఎంత పట్టింపో చూడండి.

ఆ పట్టింపు బెజవాడలో బయటపడింది. 1917 నవంబర్ 4 నుంచి 6 దాకా అక్కడ ఆంధ్ర దేశ పంచమ మహాజన సభ మొదటిసారి జరిగింది. అది మద్రాసు ప్రెసిడెన్సీ, ఈయన నిజాం ప్రాంతం వాడు. అయినా అధ్యక్షుడిగా పిలిచారు. అంటరానివాళ్లు గుడిలోకి వస్తారేమోనని ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారట. ఈయన గుడి మీదికి పోలేదు. సభ పేరు మీదికి పోయాడు. పంచములు అనే మాట ఏ పురాణంలోనూ లేదని, నాలుగు వర్ణాల తర్వాత ఐదోవాళ్లుగా లెక్కపెట్టించుకోవడం ఎందుకని, ఈ నేల మీద ఆది నుంచి ఉన్నవాళ్లం మనమేనని వాదించాడు. పంచమ సభగా కూర్చున్నవాళ్లు ఆది ఆంధ్ర సభగా లేచారు.

పేరు మారితే కడుపు నిండుతుందా అని అప్పుడూ అడిగి ఉంటారు, ఇప్పుడూ అడుగుతారు. 1922లో మద్రాసు ప్రభుత్వం తన రికార్డుల్లో పాత పేర్లు తీసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లు వాడటానికి ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని మనవాళ్లు ఆది హిందువులుగా నమోదయ్యారు. కాగితం మీద తిట్టులా ఉన్న మాట పోయి హక్కు అడిగే మాట వచ్చింది. మాన్య సంఘం కూడా 1921 నాటికి ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఈ పేరులో హిందూ అన్నది మతం కాదు, దేశం. ఈ దేశపు మొదటి మనుషులు అని దాని అర్థం. ఇవాళ ఆ పేరు చూసి ఆయన్ని తమ ఖాతాలో వేసుకోవాలని చూసేవాళ్లున్నారు కాబట్టి ఇది చెప్పక తప్పదు.

వాళ్లకు ఆ అవకాశం కొంత ఆయనే ఇచ్చాడన్నదీ దాచకూడదు. ఆర్య సమాజంతో, బ్రహ్మ సమాజంతో కలిసి పనిచేశాడు. వర్మ అన్న బిరుదు 1913లో ఆర్య సమాజం ఇచ్చిందే. జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలో పనిచేస్తూ జంతుబలి మానమన్నాడు, మాంసం మానమన్నాడు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఫ్ ఫెస్టివల్ చేసిన మన విద్యార్థులకు ఈ భాగ్యరెడ్డి వర్మ నచ్చడు. మాకూ ఈ విషయంలో నచ్చడు. మన కూడు మనకు సిగ్గు కాదు. కానీ ఆయన లెక్క వేరు. పోట్లాటలో చీల్చడం కన్నా ఓపిగ్గా కలుపుకుపోవడం ఆయన స్వభావం. బడికి డబ్బు కావాలి, సభకు చోటు కావాలి. ఇచ్చేవాళ్లలో పైకులాల సంస్కర్తలు ఉన్నారు. వాళ్లతో కూర్చున్నాడు.

కూర్చున్నవాళ్లకు లొంగాడా అన్నది 1930లో తేలింది. లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి అంటరానివాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న దేశమంతా నడుస్తోంది. ఆ సెప్టెంబర్‌లో లక్నోలో అఖిల భారత ఆది హిందూ మహాసభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. ఆర్య సమాజంలో ఉండి, విసిగి బయటికొచ్చి ఆది హిందూ ఉద్యమం నడిపిన స్వామి అఛూతానంద్ ప్రాంతం అది. సభ అంబేడ్కర్ వైపు నిలబడింది. బిరుదు ఇచ్చినవాళ్ల మొహం చూసి ఉంటే ఆ తీర్మానం మరోలా ఉండేది. రేడు అన్న పాత నమ్మకమే అక్కడ పనిచేసిందని మా అభిప్రాయం. ఏలినవాడి తరఫున ఇంకొకడు మాట్లాడడు.

అదే నమ్మకం ఒకచోట ఆయన కళ్లు కప్పింది. మనమంతా ఆది జనం, ఒక్కటే అన్న మాట బయటివాళ్ల ముందు బలం. లోపల మాత్రం మాల, మాదిగ తేడా అలాగే ఉంది. సంఘాల్లో ముందు వరస ఎవరిది, పలుకుబడి ఎవరిది అన్న ప్రశ్నకు ఒక్కటే అన్న మాట జవాబు కాదు. అరిగె రామస్వామి 1922 నాటికే ఆది హిందూ జాతీయోన్నతి సభ పేరుతో వేరుగా పనిచేస్తున్నాడు. 1931లో మాదిగలు అరుంధతీయ మహాసభ పెట్టుకున్నారు. ఆది హిందువులుగా లెక్కకెక్కిన ఏడే అది కూడా. దాన్ని చీలిక అని తిట్టుకోవడం సులువు. ఆనాడే ఆ బాధను విని ఉంటే, 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు దాకా మాదిగ బిడ్డలు అన్ని దశాబ్దాలు రోడ్ల మీద ఉండాల్సి వచ్చేదా? భాగ్యరెడ్డి వర్మ ఒక్కడి మీదే ఈ భారం వేయడం న్యాయం కాదు. ఆయన్ని మినహాయించడమూ న్యాయం కాదు.

1931లోనే భాగ్యనగర్ పత్రిక పెట్టాడు. ఉపన్యాసాలు మూడు వేల పైనే ఇచ్చాడని చెబుతారు. ఇసామియా బజార్ బడితో మొదలై బళ్లు 26 దాకా పెరిగాయి. 1939 ఫిబ్రవరి 18న చనిపోయాడు. యాభై ఒకటి కూడా నిండలేదు.

ఇంకొకటి మిగిలింది. ఆర్య సమాజం వర్మ అని పిలిచిన ఆ కాలంలోనే ఆయన హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపించాడు. నాగపూర్ దీక్షా భూమికి అది నలభై ఏళ్లకు పైగా ముందు. మతం మారలేదు, మారమని చెప్పలేదు. కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టాడు. తండ్రి జీవిత చరిత్రను భాగ్యోదయం పేరుతో రాసింది ఆ గౌతమే.