కార్మికుల వైద్యురాలు ఆలిస్ హామిల్టన్

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున కౌకూరు అను గ్రామము కలదు. దానికి అంత దూరము కాని జీడిమెట్ల, మేడ్చల్ ప్రాంతములలో ఔషధములను, రసాయనములను తయారుచేయు కర్మాగారములు పెక్కు నెలకొన్నవి. ఇట్టి కర్మాగారములలో జిడ్డును కడుగుటకును, పదార్థములను కరగించుటకును కొన్ని ద్రవములను వాడుదురు. వీనికి ద్రావణులని పేరు. ఇవి పెక్కు త్వరగా ఆవిరియై గాలిలో కలియును. తగిన రక్షణ లేనిచో ఆ గాలిని ప్రతిదినము పీల్చు కార్మికుని ఆరోగ్యము అతనికి తెలియకుండగనే క్షీణించును. కంటికి కానరాని ఇట్టి శత్రువులను వెదకి పట్టి, కార్మికుల రక్షణకై జీవితమును ధారవోసిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్.

ఆమె 1869వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. ఇండియానా రాష్ట్రమందలి ఫోర్ట్ వేన్ పట్టణమున పెరిగెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో, 1893లో మిచిగన్ విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టమును పొందెను. పైచదువునకై జర్మనీ కేగినపుడు, పురుష విద్యార్థుల దృష్టిలో పడకుండ ఒదిగి కూర్చుండి పాఠములు వినవలసి వచ్చెను. అయినను ఆమె వెనుదీయలేదు.

1897లో ఆమె చికాగో నగరము చేరి, జేన్ ఆడమ్స్ మొదలగువారు బీదల వాడలో నెలకొల్పిన హల్ హౌస్ అను సేవాసంస్థలో నివసింపసాగెను. ఇరుగుపొరుగువారు పొట్టకూటికై పరదేశములనుండి వలసవచ్చిన కార్మికులు. వారి రోగములకు మూలము వారు చేయు పనులలోనే కలదని ఆమెకు క్రమముగా తోచెను.

1910లో ఇల్లినాయిస్ రాష్ట్రము పరిశ్రమలవలన కలుగు వ్యాధులను పరిశీలించు కార్యమును ఆమె కప్పగించెను. యజమానులలో కొందరు తమవద్ద విషపదార్థమే లేదనిరి. మరికొందరు కార్మికులు చేతులు శుభ్రముగా కడుగుకొనకపోవుటయే రోగమునకు హేతువనిరి. ఆమె ఆ మాటలతో తృప్తిచెందలేదు. ఒకసారి స్నానపుతొట్లకు ఎనామిల్ వేయు కార్మికు డొకడు సీసవిషముచే చేతులు చచ్చుపడి ఆసుపత్రిలో చేరెను. ఆమె ఆ కర్మాగారమునకు పోగా, ప్రమాదకరమైన పని యేదియు కానరాలేదు. అంతట ఊరకుండక, ఆ కార్మికుని యింటికే పోయి విచారించెను. తనకు చూపినది తుదిమెరుగు మాత్రమే యనియు, అసలు పని వేరొక చోట జరుగుచున్నదనియు తెలిసెను. అచ్చట కార్మికులు ఎఱ్ఱగా కాలిన తొట్లపై ఎనామిల్ పొడిని చల్లుచుండిరి. దాని ధూళి గాలి నిండ క్రమ్ముకొనియుండెను. తప్పు కార్మికుని చేతులలో లేదు; అతడు పీల్చు గాలిలో నున్నది. ఈ సత్యమును ఆమె పలుచోట్ల రుజువు చేసెను. 1911లో ఇల్లినాయిస్ రాష్ట్రమున కార్మిక రక్షణ చట్టము వెలువడెను.

పిదప ఆమె అమెరికా కేంద్రప్రభుత్వము పక్షమున దేశమంతట తిరిగెను. కర్మాగారములలో ప్రవేశించుటకు చట్టము ఆమెకు హక్కు నీయలేదు. మంచిమాటలతో యజమానులను ఒప్పించియే లోనికి పోవలసియుండెను.

మొదటి ప్రపంచయుద్ధము తరువాత బెంజీన్ అను ద్రావణి వాడుక మిక్కుటమయ్యెను. అది ఆ కాలమున నేలబొగ్గునుండి లభించుచుండెను. రబ్బరును చక్కగా కరగించును. కాని దాని ఆవిరి ఎముకలలోని మూలుగను పాడుచేయును. రక్తకణములు తగ్గును, చిగుళ్లనుండి నెత్తురు స్రవించును, తుదకు ప్రాణమే పోవచ్చును. పెరుగుచున్న ఈ ముప్పును గూర్చి ఆమె 1922లో వ్యాసము ప్రకటించి వైద్యలోకమును హెచ్చరించెను. ఇట్టి విషమునుండి రక్షణ కలిగించు మార్గములు కష్టమైనవి కావు. సాధ్యమైనచోట హాని తక్కువగు ద్రావణిని వాడవలెను. పాత్రలకు మూత లుంచవలెను. ఆవిరిని పుట్టినచోటనే గొట్టములద్వారా వెలికి లాగివేయవలెను. కార్మికుల రక్తమును పరీక్షింపవలెను. ముసుగులు, చేతొడుగులు అవసరమే కాని అవి తుదిరక్షణ మాత్రమే.

1919లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆమెను ఉపాధ్యాయురాలిగా నియమించెను. ఆ సంస్థలో అట్టి పదవి నందిన తొలి స్త్రీ ఆమెయే. అయినను పట్టప్రదానోత్సవపు ఊరేగింపులో పాల్గొనుట కామెకు అనుమతి లేకపోయెను. 1935లో పదవి విరమించిన పిమ్మటను ఆమె విశ్రమింపలేదు. కృత్రిమ పట్టు తయారగు మిల్లులలో కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరివలన కార్మికుల మతి చలించుటను పరిశోధించెను.

1970 సెప్టెంబరు 22వ తేదీన, తన 101 ఏండ్ల వయసున ఆమె కన్నుమూసెను. మరి మూడు మాసములకే, డిసెంబరు 29న, అమెరికా దేశమంతటికిని వర్తించు కార్మిక భద్రతా చట్టముపై ఆ దేశాధ్యక్షుడు సంతకము చేసెను.

మన దేశమున 1948లో కర్మాగారముల చట్టము వచ్చెను. 1984లో జరిగిన భోపాల్ ఘోరము పిదప, 1987లో దానిని సవరించి, ప్రమాదకర పదార్థములను గూర్చి కార్మికులకు తెలియజెప్పుట యజమాని విధిగా చేసిరి. కాని చట్టము కాగితముపై నున్నంత మాత్రమున గాలి శుభ్రపడదు. పీపాలో నున్న ద్రవమేదియో, దాని ఆవిరి ఎచ్చటికి పోవుచున్నదో స్వయముగా పోయి చూచువారు కావలెను. ఆలిస్ హామిల్టన్ జీవితమంతయు చేసినది ఆ పనియే.