ధూళిని బంధించిన ఇంజనీరు: హ్యూబర్ట్ సెసిల్ బూత్

తివాచీ గృహానికి శోభనిస్తుంది గాని, ధూళికి అంతకంటె అనువైన నివాసం మరొకటి లేదు. బండల నేలపై పడిన దుమ్ము చీపురుకు లొంగుతుంది. తివాచీలో దిగిన దుమ్ము మాత్రం పోగుల మొదళ్ళలో తిష్ఠ వేసి, మనం అడుగు వేసిన ప్రతిసారీ తన ఇసుక రేణువుల అంచులతో ఆ పోగులనే కోస్తూ ఉంటుంది. ఏలూరు, ఓరుగల్లు తివాచీలకు పుట్టినిల్లయిన మన ప్రాంతంలో పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. అందుకే వాటిని పెరట్లో దండెంపై వేసి కర్రతో కొట్టి దులిపేవారు. దులిపినవారు దగ్గుతూ లోపలికి వచ్చేవారు. దుమ్ములో కొంత వారి వెంటనే తిరిగి వచ్చేది. ఈ గృహసమస్యను ఇంజనీరు దృష్టితో చూచి పరిష్కరించిన హ్యూబర్ట్ సెసిల్ బూత్ జీవితాన్ని పాఠకుల ముందుంచదలచినాము. తివాచీ పరచిన ఇంటికి యంత్రం కొనదలచినవారికి కూడ ఇందులో పనికివచ్చే సంగతులు ఉన్నవి.

బూత్ 1871 జూలై 4వ తేదీన ఇంగ్లండులోని గ్లౌస్టర్ నగరంలో జన్మించినాడు. తండ్రి కలప వర్తకుడు. 1889లో లండన్‌లోని సెంట్రల్ టెక్నికల్ కళాశాలలో చేరి, ఆచార్య అన్విన్ శిక్షణలో ఇంజనీరింగు అభ్యసించినాడు. అనంతరం మాడ్‌స్లే అను ప్రసిద్ధ యంత్రనిర్మాణ సంస్థలో నకాశీదారుగా ప్రవేశించి, యుద్ధనౌకల ఇంజన్ల పనిలోను, వంతెనల పనిలోను అనుభవం గడించినాడు. బ్లాక్‌పూల్, వియన్నా, పారిస్ నగరాలలో ఆకాశాన్నంటునట్లు లేచిన మహా రంగులరాట్నాల రూపకల్పనలోను అతనికి పాత్ర ఉన్నది. అంతటి ఉక్కుచక్రాలను లెక్కగట్టిన చేయి పిదప ఇంటి దుమ్ము వైపు మరలడం విచిత్రంగా తోచవచ్చు.

1901లో లండన్‌లోని ఎంపైర్ సంగీతశాలలో ఒక అమెరికన్ తన యంత్రాన్ని ప్రదర్శించినాడు. అది గాలిని బలంగా ఊది, లేచిన దుమ్మును ఒక పెట్టెలో పట్టడానికి యత్నించే యంత్రం. పెట్టెలో పడినది కొంత, గదిలో ఎగిరినది కొంత. ఊదుటకు మారుగా పీల్చరాదా అని బూత్ అడుగగా, అది అసాధ్యమని ఆ ఆవిష్కర్త కోపగించుకొని వెళ్ళిపోయినాడట. బూత్ ఊరుకొనలేదు. కొలదిదినాల తరువాత విక్టోరియా వీధిలోని ఒక భోజనశాలలో, మఖమలు కుర్చీ వీపునకు నోరు ఆనించి గట్టిగా గాలి పీల్చినాడు. ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి అయినాడు గాని తన ఊహ సరియైనదని నిర్ధారణ చేసుకొన్నాడు. అటుపిమ్మట చేతిరుమాలు అడ్డుపెట్టి పీల్చి చూడగా, బట్టకు అవతలివైపున దుమ్ము నల్లని మరకగా నిలిచినది. గాలి లోనికి పోవలెను, ధూళి బట్టవద్ద ఆగిపోవలెను. నేటి యంత్రాలన్నిటి సారం ఇంతే.

పీల్చే ప్రయత్నం చేసినవారిలో బూత్ మొదటివాడు కాడు. 1869లోనే షికాగోలో మెగాఫీ అనువాడు చేతితో త్రిప్పు యంత్రానికి పేటెంటు పొందియున్నాడు. కాని చేతి బలం చాలదు; తగినంత గాలి కదలదు. బూత్ శక్తివంతమైన పంపును ఇంజనుతో నడిపించి, దానికి వస్త్రపు ఫిల్టరు జతచేసినాడు. 1901 ఆగస్టు 30న పేటెంటుకు దరఖాస్తు చేసినాడు. ఆ పేటెంటుపై వచ్చిన వ్యాజ్యాలలో నెగ్గినాడు. వాక్యూమ్ క్లీనర్ అనే పేరు పెట్టినవాడు కూడ అతడే.

ఆ తొలి యంత్రం ఇంటిలో పట్టేది కాదు. ఎర్రరంగు పూసిన గుర్రపుబండిపై ఇంజను, పంపు. వీధిలో బండి నిలిపి, కిటికీల గుండా పొడవైన గొట్టాలు లోనికి పంపేవారు. ఆ రొదకు అద్దెబండ్ల గుర్రాలు బెదరగా యజమానులు నష్టపరిహారం కోరుతూ దావాలు వేసినారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబీలో సింహాసనం క్రింది తివాచీలను ఈ యంత్రమే శుభ్రపరచినది. రాజప్రాసాదం నుండి పిలుపు రాగా ధనికులు కూడ వెంబడించినారు. గొట్టంలో గాజు భాగం అమర్చి, తమ ఇంటి దుమ్ము ప్రవహించుట చూచుటకై దొరసానులు తేనీటి విందులు చేసినారట! తమ ఇంటి మురికిని అతిథులకు అంత ఉత్సాహంగా చూపినవారు చరిత్రలో అరుదు.

కాని ఈ యంత్రం విలువ తేటపడినది విందులలో కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లోని క్రిస్టల్ పాలెస్‌లో నావికులను ఉంచినారు. అది 1851 మహాప్రదర్శనకై కట్టిన భవనం. ఆ ప్రదర్శనలో మన ఓరుగల్లు తివాచీలు కూడ ఉండెను. నావికులలో ప్రాణాంతకమైన మచ్చల జ్వరం ప్రబలగా, బూత్ యంత్రాలు 15 అక్కడ పనిచేసి, ఆనాటి కథనం ప్రకారం 26 టన్నుల ధూళిని తొలగించినవి. పిదప జ్వరం తగ్గుముఖం పట్టినదని చెప్పుదురు. రోగానికి ధూళియే కారణమని మేము అనజాలము. అన్ని టన్నుల మురికి నడుమ మనుష్యులు పడుకొనుటయే చాలినంత ఘోరం.

బూత్ చేసిన ఒక లోపం చిన్నయింటిని మరచుట. అతని దృష్టి సేవ చేయు పెద్ద యంత్రంపైననే నిలిచినది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉబ్బసంతో బాధపడుచు దుకాణంలో ఊడ్చు పని చేసిన జేమ్స్ స్పాంగ్లర్, ఒక చిన్న విద్యుత్ మోటారు, దిండుగలీబు, చీపురుకర్రలతో తేలిక యంత్రం కట్టి, 1908లో పేటెంటు పొందినాడు. తివాచీ పోగులను కదల్చుటకు తిరుగుడు బ్రష్షు కూడ అమర్చినాడు. ఆ హక్కులు హూవర్ కుటుంబానికి చేరినవి. తుదకు బూత్ స్వదేశంలోనే ఇల్లు శుభ్రపరచుటను ఆ అమెరికన్ కుటుంబం పేరుతో పిలువసాగినారు. ఇది అతనికి న్యాయం కాదని మా అభిప్రాయం.

ఇరువురి పనిని కలిపి చూచినచో, కొనుగోలుదారు ఏమి చూడవలెనో తెలియును. తివాచీకి పీల్పు ఒక్కటే చాలదు. స్పాంగ్లర్ బ్రష్షు కావలెను, అదియు పోగు ఎత్తును బట్టి పైకి క్రిందికి జరుపుటకు వీలుండవలెను. లేనిచో మేలైన ఉన్ని పీకబడును. వాట్ల సంఖ్య చూచి మోసపోరాదు. అది యంత్రం తిను విద్యుత్తు గాని పీల్చు బలం కాదు. యూరోపియన్ యూనియన్ 2017లో గృహయంత్రాలకు 900 వాట్లలోపు అని హద్దు పెట్టినది. ఆ నియమాలలోనే మోటారు కనీసం 500 గంటలు పనిచేయవలెనని, గొట్టం 40,000 మారులు వంగినను చెడరాదని ఉన్నది. వారానికి ఒక గంట వాడినచో 500 గంటలనగా తొమ్మిదేండ్లకు పైమాటే. సాధారణంగా లోనికి వచ్చు గాలియే మోటారును చల్లబరచును గనుక, సంచి నిండినను ఫిల్టరు పూడినను యంత్రం వేడెక్కి ఆయుష్షు తరుగును. కావున దుకాణంలో మొదట అడుగవలసినది ధర కాదు. బెల్టు, బ్రష్షు, సంచి, ఫిల్టరు విడిగా దొరకునా? తీగ లేని యంత్రమైనచో బ్యాటరీ మార్చుటకు వీలున్నదా? మన పట్టణంలో బాగుచేయువాడు ఉన్నాడా? ఇవి లేని యంత్రం ఎంత చౌకయైనను ఖరీదైనదే.

క్రిస్టల్ పాలెస్ 1936లో అగ్నికి ఆహుతియైనది. బూత్ 1955 జనవరి 14న క్రాయ్‌డన్‌లో కన్నుమూసినాడు. వియన్నాలోని రంగులరాట్నం 1944లో కాలిపోగా 1947లో తిరిగి నిలిపినారు. అది నేటికిని తిరుగుచున్నది.