అడిక్‌మెట్ జాగీరు ఆమెది: మహలఖా బాయి చందా

మనవైపు వాళ్ళకు, అంటే ఖమ్మం, పాల్వంచ, భద్రాచలం అడవి అంచున పుట్టి పెరిగినవాళ్ళకు, హైదరాబాదు దర్బారు అనగానే ముందు గుర్తొచ్చేది తానీషా. రామదాసును చెరలో పెట్టినవాడుగా, ఆ పైన విడిచిపెట్టినవాడుగా, సీతారామ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీకి మూలపురుషుడుగా ఆయన తరతరాలుగా మన ఇళ్ళలో మనిషి. గోల్కొండ పోయి ఆసఫ్‌జాహీలు వచ్చాక ఆ దర్బారులో ఏం జరిగిందో మాత్రం మనకు అంతగా పట్టదు. 1766లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయినా మన అడవిసీమ నిజాం కిందే మిగిలింది. భద్రాచలం తాలూకా ఇంగ్లీషువాళ్ళకు వెళ్ళింది 1860లో. అంటే దాదాపు ఇంకో వందేళ్ళపాటు మన అడవుల మంచిచెడ్డలు హైదరాబాదులోనే తేలేవి. ఆ దర్బారులో, ఆ కాలంలోనే, మాట చెల్లించుకున్న ఒక స్త్రీ జీవితం ఇది.

సర్కారులు చేజారిన రెండేళ్ళకు, 1768 ఏప్రిల్‌లో హైదరాబాదులో పుట్టింది చందా బీబీ. ఆమెది పుట్టుకతో వచ్చిన దొరతనం కాదు. అమ్మమ్మ గుజరాత్‌లో గౌరవంగా బతికిన ఇల్లాలు. ఆమె భర్త సర్కారు కొలువులో ఉండి సొమ్ము తిన్నాడన్న అపవాదు మీద పడగానే భార్యాపిల్లల్ని వదిలేసి పారిపోయాడు. నడివీధిలో పడ్డ ఆ సంసారానికి ఆడిపాడి పొట్టపోసుకునే భగతీయ కళాకారులు ఆసరా ఇచ్చారు. ఆడపిల్లలు పాట నేర్చుకున్నారు, ఆట నేర్చుకున్నారు, దండుల వెంట దక్కనుకు దిగారు. బుర్హాన్‌పూర్, ఔరంగాబాదు దాటి చివరికి హైదరాబాదు చేరారు. ఆ పిల్లల్లో ఒకామె రాజ్‌కున్వర్ బాయి, చందా తల్లి. తండ్రి బహాదుర్ ఖాన్ అనే మొగలు మన్సబుదారు. కడుపుతో ఉన్నప్పుడు రాజ్‌కున్వర్ మౌలాలి గుట్టకు పోయిందనీ, అక్కడ గర్భం నిలవదేమోనని భయం పుడితే దర్గా ప్రసాదంతో గండం గడిచిందనీ చెబుతారు. నిజమెంతో గానీ, ఆ గుట్టను తల్లీకూతుళ్ళు చచ్చేదాకా వదల్లేదు, చచ్చాక కూడా.

చందాను పెంచింది కన్నతల్లి కాదు, అక్క. తల్లి ఒకటే, తండ్రులు వేరు. ఆ అక్క మెహతాబ్ కున్వర్ నిజాం దివాను రుక్నుద్దౌలా అంతఃపురానికి చేరింది. ఆమెకు పిల్లలు లేరు, చెల్లెలినే ఒళ్ళో వేసుకుంది. అలా రాజ్యంలో నిజాం తర్వాత అంతటివాడి ఇంట్లో పెరిగింది చందా. పుస్తకాలు, పండితులు, గుర్రపుస్వారీ, విలువిద్య అన్నీ అందుబాటులోకి వచ్చాయి. సంగీతం ఖుష్‌హాల్ ఖాన్ దగ్గర నేర్చుకుంది. 1775లో రుక్నుద్దౌలా హత్యకు గురయ్యేనాటికి ఆమెకు ఏడేళ్ళు. దర్బారులో అండ ఎంత తొందరగా పోతుందో ఆ వయసులోనే కళ్ళారా చూసి ఉంటుంది. తర్వాత ఆమె బతికిన తీరు చూస్తే ఆ పాఠం మరచిపోలేదనిపిస్తుంది.

ఆమె తవాయిఫ్. ఈ మాటకు మన తెలుగులో దగ్గరి మాట వెతికితే భోగం, కళావంతులు అని వస్తాయి. మొదటిదాన్ని మనం తిట్టుగా మార్చుకున్నాం. తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనానికి ఏం గతి పట్టిందో తెలుగు ఎమ్మే చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని 1910లో అచ్చువేయిస్తే సర్కారు నిషేధం పెట్టింది, అది తొలగడానికి 1947 దాకా పట్టింది. చందాకు కూడా చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం దక్కింది నాట్యకత్తె అన్న ఒక్క మాటే. ఆ మాటలో అబద్ధమేమీ లేదు, ఆమె నాట్యకత్తే. అయితే ఆ మాట దగ్గర ఆగిపోతే మిగతా మనిషి కనిపించదు.

రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ ఆమెను కచేరీలకే పరిమితం చేయలేదు. 1782లో కౌలాస్ మీదికి, 1783లో నిర్మల్ మీదికి, 1789లో పానగల్‌కు దండు కదిలినప్పుడు వెంట తీసుకుపోయాడు. ఆమె మగవేషంలో, ఆయుధంతో, గుర్రం మీద వెళ్ళింది. కౌలాస్‌కు పోయేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. ఇవన్నీ మన తెలంగాణా కోటలే. వీటిలో కొన్నింటికి కాలేజీ విహారయాత్రలు వేస్తుంటాం గానీ, ఆ బురుజుల కింద గుడారాల్లో ఈమె ఉన్న సంగతి గైడు కూడా చెప్పడు. రాజు గారి వినోదానికి వెళ్ళి ఉంటుందిలే అనేవాళ్ళుంటారు. వినోదం కోసమైతే మగవేషం, ఆయుధం ఎందుకు?

ఆ పైన బిరుదు వచ్చింది. మహలఖా అంటే చంద్రముఖి. బిరుదుతో పాటు ఉమ్రావుల వరసలో చోటు, నగారా మోగించుకునే హక్కు, జాగీర్లు వచ్చాయి. ఆమె ఎవరింటికైనా అధికారికంగా వెళ్తే ముందూ వెనకా అయిదు వందలమంది సిపాయిలు నడిచేవారని రాశారు. రాజ్యవ్యవహారాల్లో ఆమె సలహా అడిగేవారు. అరస్తు జా, మీర్ ఆలం, చందూలాల్ ఒకరి తర్వాత ఒకరు చక్రం తిప్పారు. ఒకరి మనిషి ఇంకొకరికి గిట్టని రోజులవి. అలాంటి చోట నిజాం అలీఖాన్ కాలంలోనూ, 1803లో ఆయన పోయాక సికిందర్ జా కాలంలోనూ ఆమె పరపతి చెక్కుచెదరలేదు. దివాన్లు మారారు, ఆమె మారలేదు. రాజకీయమంటే ఇదే కదా!

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఇంకొకామె ఉండేది. డెవన్‌షైర్ డచెస్ జార్జియానా. 1757లో గొప్ప ఇంట పుట్టి, పదిహేడో ఏట ఇంకా గొప్ప ఇంటికి కోడలైంది. 1784లో వెస్ట్‌మినిస్టర్ ఎన్నికలో ఫాక్స్ తరఫున వీధివీధీ తిరిగి ఓట్లడిగింది. ఓటుకు ముద్దిచ్చిందని వ్యంగ్యచిత్రకారులు బొమ్మలేసి ఊరంతా అమ్ముకున్నారు. ఓట్లడిగిన ఆమెకు మాత్రం ఓటు లేదు. జూదంలో చేసిన అప్పులు భర్తకు తెలియకుండా దాచడంతోనే ఆమె జీవితం సగం గడిచింది. 1778లో పేరు లేకుండా అచ్చయిన ఒక నవల ఆమె రాసిందేనంటారు. పెళ్ళయిన ఆడదానికి తన పేరున ఆస్తి ఉండే హక్కు ఇంగ్లండు చట్టం పూర్తిగా ఒప్పుకున్నది 1882లో. డచెస్‌కు లేనిదేమిటి? వంశముంది, మహలుంది, బిరుదుంది. తన పేరున ఎకరం నేల లేదు. మన చందాకు వంశం లేదు, మొగుడు లేడు; పెళ్ళే చేసుకోలేదు. కానీ జాగీర్లన్నీ ఆమె పేరునే ఉన్నాయి. నాగరికత ఇంగ్లీషువాళ్ళు తెచ్చిపెట్టారని నమ్మేవాళ్ళు ఈ రెండు జీవితాలు పక్కపక్కన పెట్టి చదవాలి. అలాగని మన దగ్గర ఆడవాళ్ళకు స్వర్గమేననడం కూడా తప్పు. చందాకు దక్కింది పెళ్ళి గడప తొక్కని ఆడదానికి దక్కిన హక్కు, అంతఃపురంలో వందలమంది ఆడవాళ్ళకు లేని హక్కు.

జార్జియానా పేరు దాచుకుంటే చందా పేరు వేసుకుంది. ఉర్దూ గజల్లో చివరి ద్విపదలో కవి తన పేరు చెప్పుకోవడం పద్ధతి. చందా గజళ్ళన్నీ అయిదేసి ద్విపదలవి. చివర తన పేరు, హజరత్ అలీ స్మరణ కలిసివస్తాయి. 1798లో 125 గజళ్ళతో దివాన్ కూర్చింది. ఉర్దూలో సొంత దివాన్ ఉన్న తొలి కవయిత్రి ఈమేనని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత లుత్ఫున్నీసా ఇమ్తియాజ్ దివాన్ బయటపడింది, అది ఏడాది ముందుది. ఆ లుత్ఫున్నీసాదీ దక్కనే కాబట్టి మొదటి స్థానం ఎలా చూసినా మన ఇల్లు దాటిపోలేదు.

ఆ పుస్తకంతో ఆమె చేసిన ఒక పని చెప్పుకోవాలి. 1798లో నిజాం కంపెనీతో సైన్యసహకార ఒడంబడిక చేసుకున్నాడు, ఫ్రెంచివాళ్ళు తయారుచేసిన పటాలాన్ని రద్దుచేశాడు. 1799 మేలో శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. నిజాం తరఫున ఆ దండయాత్రకు పోయినవాడు మీర్ ఆలం, కంపెనీ తరఫున ఆయన పక్కన నిలిచినవాడు కెప్టెన్ జాన్ మాల్కం. ఆ అక్టోబరులో మీర్ ఆలం ఇంట్లో విందు జరిగింది. చందా నాట్యం చేస్తూ, నాట్యం మధ్యలోనే, తన దివాన్ ప్రతిని మాల్కంకు నజరానాగా ఇచ్చింది. నజరానా అంటే చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు సమర్పించేది. కానీ ఆడుతున్న ఆమె నగలు కాక తను రాసిన పుస్తకం చేతిలో పెడితే అందులో వినయం ఎంత, నేనెవరో తెలుసుకో అన్న హెచ్చరిక ఎంత? కొత్త దొర ఎవరో ఆమెకు తెలిసింది. తనెవరో అతనికి తెలియాలనుకుంది. ఆమె అసామాన్యురాలని మాల్కం ఆ ప్రతి మీదే రాసుకున్నాడు. ఆ ప్రతి ఇప్పుడు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

మహారాజా చందూలాల్ గురించి కూడా ఒక మాట. ఆయనా కవే, షాదాన్ పేరుతో రాసేవాడు. ఆయన సభల్లో చందా పెద్ద పేరు. తూము నరసింహదాసు హైదరాబాదు వెళ్ళి భద్రాచలం పరగణా బాధ్యత తెచ్చుకున్నది ఈ చందూలాల్ హయాంలోనే. రాముడి కైంకర్యాలు మళ్ళీ గాడిలో పడ్డాయి. ఒకే దివాణం! ఒక వాకిట్లో గజల్, ఇంకో వాకిట్లో మన భద్రాద్రి రాముడి లెక్కలు.

ఇక జాగీర్ల సంగతి. హైదర్‌గూడ, చందాగూడ, పల్లెపహాడ్, సయ్యద్‌పల్లి, అలీబాగ్ ఇలా చాలా ఉన్నాయి. మనకు కావలసింది మాత్రం అడిక్‌మెట్. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం అద్దె భవనాలు వదిలి చేరుకున్నది ఆ నేల మీదికే. 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది కూడా అక్కడే. కొత్తగూడెం బస్సు దిగి, మణుగూరు రైలు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టలు వెతుక్కుంటూ పోయిన మన పిల్లలు ఎన్ని తరాలవాళ్ళో! వాళ్ళలో చాలామందికి ఆర్ట్స్ కాలేజీ మెట్లు తెలుసు, లా కాలేజీ చెట్లు తెలుసు, ఉద్యమాల తేదీలు తెలుసు. ఆ నేల పూర్వపు హక్కుదారు ఒక ఆడమనిషి అని తెలియదు. ఆ పక్కనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఆమె పేరుతో ఒక మెట్లబావి ఉంది. చాన్నాళ్ళు పూడిపోయి, ముళ్ళకంపతో నిండి ఉన్నదాన్ని ఈమధ్యే శుభ్రం చేయించారు.

సంపాదించింది దాచుకోవడమే కాదు, ఖర్చుపెట్టడం కూడా ఆమెకు తెలుసు. గ్రంథాలయం పెట్టింది, ప్రతులు రాయించింది. గులాం హుసేన్ జౌహర్ చేత దక్కను చరిత్ర రాయించింది, అది మాహ్‌నామా. వందలమంది ఆడపిల్లలకు సంగీతం, నాట్యం నేర్పించిందని చెబుతారు. తల్లి పోతే 1792లో మౌలాలి గుట్ట కింద సమాధి కట్టించింది. నాలుగు పాయల తోట, మసీదు, యాత్రికులకు సరాయి, నీళ్ళకు ఏర్పాటు అన్నీ అందులోనే. ఉర్సుకు వచ్చే జనానికి అది నీడ.

1824లో చనిపోయింది. తల్లి పక్కనే సమాధి చేశారు. మిగిలిన సొమ్ము దిక్కులేని ఆడవాళ్ళకు చెందేలా రాసిపోయిందని అంటారు. అమ్మమ్మ కథ తెలిసినవాళ్ళకు ఇందులో వింత కనిపించదు. ఆ తర్వాత సమాధి చుట్టూ ఊరు పెరిగింది, తోట ఎండింది, గోడలు బీటలువారాయి. 2010, 2011 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధితో బాగుచేయించారు. ఆమె నేల మీద చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న లక్షలమందిలో ఎవరి జేబునుంచీ ఆ డబ్బు రాలేదు. మౌలాలి రైల్వేస్టేషన్ దిగి గుట్టవైపు నడిస్తే సమాధి కనిపిస్తుంది. లోపల రెండు గోరీలు, తల్లిది ఒకటి, కూతురిది ఒకటి.