సముద్రం నుండి సిరోంచ వరకు: సర్ ఆర్థర్ కాటన్



ఐరోపా నావికులు మన కోస్తాను ఎంతో కాలం క్రితమే ఎరుగుదురు. ఆంగ్లేయుల గ్లోబ్ ఓడ 1611లోనే మచిలీపట్నం చేరింది. అయితే రేవుల వెనుకనున్న లోతట్టు ప్రాంతానికి నీటిదారి వెదకిన వారిలో ముఖ్యులు సర్ ఆర్థర్ కాటన్ గారు.

ఆయన 1803లో ఇంగ్లండులో జన్మించి, 1821లో మద్రాసు వచ్చారు. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కరవుతో అలమటించిన డెల్టా పచ్చబడింది. ఇది మన పిల్లలకు సైతం తెలుసు.

ఆ కథలో సిరోంచ పేరు మాత్రం అరుదుగా వింటాము. గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా పడవలు నడిపి, ఎగువ ప్రాంతపు ప్రత్తిని సముద్రానికి చేర్చాలని ఆయన తలంపు. దారిలో మూడు చోట్ల బండరాళ్లు అడ్డు: దుమ్ముగూడెం, సిరోంచ దిగువన ఇంచంపల్లి, ఎగువన ప్రాణహితపై దేవలమర్రి. వాటిని దాటించుటకు ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టారు. హేగ్ అనే ఇంజనీరు పనులు నడిపించారు. 1860లో సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది.

కాని మన్యపు జ్వరాలు పనివారిని కుంగదీశాయి. ఈలోగా రైలు వచ్చి ప్రత్తిని బొంబాయికి మళ్లించింది. ఖర్చు పెరిగింది, 1871లో పనులు నిలిపివేశారు. కాటన్ గారు 1899లో మరణించారు.

డెల్టాలో ఆయన విగ్రహాలున్నాయి. సిరోంచకు పడవదారి రాలేదు. అది వచ్చియుంటే, మనలో ఎందరు బ్రతుకుతెరువుకై ఊరు విడిచేవారో! దిగువన పండిన పొలాలతో పాటు ఎగువన ఆగిపోయిన ఈ పనిని గూర్చి కూడ మన పిల్లలకు చెప్పుదము.